బలమంటే నాకు ఇష్టం

బలంగా ఉండటం నాకు ఇష్టం. యాభై మూడేళ్లొచ్చి, పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాక, ఈ చిన్న మాట రాయడానికి ఇంత తటపటాయింపు ఎందుకో నాకు నేను తేల్చుకోవాలి.

"ఈ వయసులో బరువులేంటమ్మా?" అని మా వదిన అడిగినప్పుడు ఎముకల కోసమన్నాను. "డాక్టరుగారు చెప్పారా?" అంది. అవునన్నాను. ఆవిడ మొహం వెంటనే తేటపడింది. మందులా మింగేదేదైనా మన ఇళ్లల్లో ఆడవాళ్లకి చెల్లుతుంది. ఇష్టపడి చేసే పనికే సంజాయిషీ కావాలి.

ఎముకల సంగతి నిజమే. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ పడిపోయాక ఎముక అరుగుదల వేగం పుంజుకుంటుంది. బరువు మోసినప్పుడు, కండరం ఎముకను గట్టిగా లాగినప్పుడు, కొత్త ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. నడక గుండెకి మంచిదే గానీ, వెన్నుకి కావలసినంత భారం దానితో అందదు. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం చేశారు. నెలసరి ఆగి ఎముకలు పలచబడిన స్త్రీల చేత ఎనిమిది నెలల పాటు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిపుణులు దగ్గరుండి పెద్ద బరువులే ఎత్తించారు. 2018లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం వాళ్ల నడుము దగ్గరి వెన్నుపూసల సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తులు చేసుకున్నవాళ్లకి తగ్గింది. ఇక అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరను పీల్చుకోవడంలో కండరాలది పెద్ద పాత్ర. ఇంటింటా షుగరున్న మనకి అది చిన్న విషయం కాదు. మగవాళ్లలా కండలు తిరిగిపోతాయన్న భయమూ అక్కర్లేదు, ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ అంత ఉండదు. గర్భసంచి జారినవాళ్లు, కొత్తగా కాన్పయినవాళ్లు మాత్రం డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి.

ఇన్ని లాభాలున్నా, తెల్లవారుజామున నన్ను లేపేవి ఇవి కావు.

నేల మీంచి బరువు లేపే డెడ్‌లిఫ్ట్ కోసం జిమ్‌లో బార్ ముందు నిలబడతాను. పాదాల మధ్యభాగం సరిగ్గా బార్ కిందికి రావాలి. తుంటి వెనక్కి నెట్టి వంగి పట్టుకుంటే ఇనుము చల్లగా తగులుతుంది. పొట్ట నిండా గాలి పీల్చి బిగించి, కాళ్లతో నేలను తొక్కుతాను. ఒక క్షణం ఏమీ కదలదు. ఆ క్షణంలో నాకు ఇల్లు గుర్తుండదు, ఎవరి ఆకలీ గుర్తుండదు. తర్వాత బార్ మోకాళ్లు దాటుతుంది. వేళ్ల మొదళ్లలో కాచిన కాయల్ని రాత్రిపూట బొటనవేలితో తడుముకుంటుంటాను. అవంటే నాకు గర్వం.

ఈ ఇష్టం ఇప్పటిది కాదు. మాది శ్రీకాకుళం జిల్లా. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడాదే మా ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఊరూవాడా పొంగిపోయాం. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ పతకం కన్నా ఆ భుజాలు చూసి నాకు ఆశ పుట్టింది. ఆ ఆశని ఎవరికీ చెప్పుకోలేదు. దేశం కోసం ఎత్తితే మెచ్చుకుంటారు, ఊరికే బలం కావాలనే ఆడదానికి ఏం జవాబిస్తారో నాకు తెలుసు.

ఈ బలం గురించి ఎంత ఆలోచించినా తెగని చిక్కొకటి ఉంది. మా ఎదురుగా ఇల్లు కడుతున్నారు. నేను జిమ్ నుంచి వచ్చే వేళకి ఒకామె తలమీద ఇటుకలతో మెట్లెక్కుతూ ఉంటుంది. పొద్దుగూకేదాకా ఎక్కుతూనే ఉంటుంది. బరువులెత్తడం ఆడవాళ్లకి కొత్త అని ఎవరైనా అంటే ఆమెని చూపించాలనిపిస్తుంది. కానీ ఆమె బరువుని నిర్ణయించేది మేస్త్రీ. ఒళ్లు నొప్పులున్నా సెలవు లేదు, కండ కట్టడానికి తగిన తిండీ లేదు. నాకు బరువు పెంచాలో ఆపాలో నేనే చెప్పగల వీలుంది. నా ఆనందంలో సగం ఆ వీలుదే. ఆమెకీ అది ఉండాలని కోరుకుంటాను, కోరుకున్నంత మాత్రాన ఆమె తలమీద ఒక్క ఇటుకా తగ్గదు.

జిమ్‌కి వెళ్తున్నప్పటినుంచి అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం మానేశాను. పప్పు, గుడ్లు ముందే నా పళ్లెంలో వేసుకుంటాను. మొదట్లో చెయ్యి వెనకాడింది, ఇప్పుడు వెనకాడదు.

ప్రస్తుతం డెడ్‌లిఫ్ట్‌లో యాభై కిలోలు లేపుతున్నాను. నా బరువు అరవై రెండు. ఆ అంకె దాటాలని ఉంది. దాటితే ఏమొస్తుందంటే ఆరోగ్యం పేరు చెప్పను. దాటాలని ఉంది, అంతే.