చూడటానికి వెళ్లామా, కలవడానికి వెళ్లామా?

ఒక సభ కోసం కోల్‌కతా వెళ్లినప్పుడు, ఆదివారం తెల్లవారుజామున టిరెట్టా బజారుకు పోయాం. అది అక్కడి పాత చైనా వాడ. రోడ్డు పక్కన ఆవిరి గిన్నెల్లో మోమోలు, చేప ఉండల సూపు అమ్ముతున్నారు. మేం తిన్నాం, బాగుందనుకున్నాం. మాలో ఒకరు ఫోను తీసి, అమ్ముతున్న పెద్దామె ముఖానికి దగ్గరగా పెట్టారు. ఆమె ఏమీ అనలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ తిప్పుకోవడం మాకు తెలుసు. అరకులో బస్సు దిగినవాళ్లు ముక్కుపోగులను ఫొటో తీయబోతే మా అవ్వలూ అలాగే తిప్పుకుంటారు. దాని మీద మేం కోపంగా ఎన్నోసార్లు రాశాం. ఇప్పుడు ఫోను మా చేతిలోనే ఉంది. ఇంకొకరి బతుకును చూడబోయేవాళ్లకు ఉన్న హక్కు ఎంత? ఈ ప్రశ్న ఆ రోజు మమ్మల్నే అడగవలసి వచ్చింది.

చైనావాళ్లు బెంగాల్‌కు నిన్న మొన్న రాలేదు. 18వ శతాబ్దం చివర యాంగ్ తాయ్ చౌ అనే ఆయన వారెన్ హేస్టింగ్స్ దగ్గర భూమి పొంది, బజ్‌బజ్ సమీపంలో చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరిని ఇప్పటికీ ఆయన పేరుతోనే అచీపూర్ అంటారు. తరువాత వచ్చినవారిలో కొందరు వడ్రంగులు, కొందరు చెప్పులు కుట్టేవారు. హక్కా జాతివారు టాంగ్రాలో తోళ్లు శుద్ధి చేశారు. ఇతరులు అంటరానిదన్న పనిని వాళ్లు బతుకుదెరువు చేసుకున్నారు.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఇక్కడే పుట్టినవాళ్లతో సహా దాదాపు మూడు వేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు. వాళ్లు చేసిన నేరం ఏమీ లేదు. ముఖం చూసి దేశం తేల్చారు. తరువాత ఎన్నో కుటుంబాలు కెనడా వంటి దేశాలకు వెళ్లిపోయాయి.

మన మండల కేంద్రాల్లోనూ బండి మీద నూడుల్స్ తింటాం. దేవలీ పేరు మనలో ఎందరం విన్నాం? మనకు రుచి తెలిసింది, మనుషులు తెలియలేదు. అరకు కాఫీ తాగేవాళ్లకు మన గూడెం తెలియనట్టే.

అయితే అసలు వెళ్లకూడదా? అదీ న్యాయం కాదు. ఎవరూ రాకపోతే ఆ పెద్దామె సరుకు మిగిలిపోతుంది. కొత్తదాన్ని కలుపుకోవడమూ తప్పు కాదు. టాంగ్రాలో చైనావాళ్లు కొలిచే కాళీ గుడి ఉంది. అక్కడ అమ్మవారికి నూడుల్స్ ప్రసాదంగా పెడతారు. అది వాళ్లు తమంతట తాము కలుపుకున్నది. దండారి పండుగలో గుస్సాడి వేయడం మనకు మొక్కు. అదే గుస్సాడిని అధికారుల సభకు స్వాగతం పలకడానికి పిలిస్తే, ఆడాలో వద్దో చెప్పే మాట ఎవరిది? తేడా అంతా అక్కడే ఉంది. ఏది చూపాలో, ఏది దాచుకోవాలో ఆ ఇంటివాళ్లే చెప్పాలి. తలుపు గడియ లోపలివాళ్ల చేతిలో ఉండాలి.

మేం ఫోను జేబులో పెట్టి, ఆమె దగ్గర మరో రెండు ప్లేట్లు కొన్నాం. ఫొటో తీయబోయినందుకు క్షమించమని హిందీలో అడిగాం. ఆమె నవ్వి, "మీరెక్కడివాళ్లు?" అంది. మామూలుగా ఆ ప్రశ్న మమ్మల్ని గుచ్చుతుంది. ఆ రోజు మాత్రం కొండల గురించి, గూడెం గురించి చెప్పాం. వాళ్లమ్మ కూడా ఈ వీధిలోనే అమ్మేదని ఆమె చెప్పింది. ఆమె ఫొటో మా దగ్గర లేదు.

పిల్లలను కొత్త చోట్లకు తీసుకెళ్లే ఉపాధ్యాయులకు మాదొక మనవి. బయలుదేరే ముందు అక్కడివాళ్లు పడిన కష్టం ఒక్కటైనా చెప్పండి. అక్కడికి చేరాక ముందు పలకరించమనండి. వాళ్లు వద్దంటే ఊరుకోమనండి. మన గుమ్మంలోకి వచ్చేవారి నుంచి మనం కోరేది కూడా ఇదే కదా.