చేయి పలుకు మాట

మానవుడు మనోవాక్కాయములనెడు త్రికరణములతో కర్మ నాచరించుచున్నాడు. మాట తూలకుండ జాగ్రత్తపడువారు పెక్కురు గలరు. చేయియు పలుకుననియు, ఆ పలుకునకును ధర్మాధర్మములు గలవనియు తలంచువారు అరుదు.

నందికేశ్వరుని అభినయదర్పణము 28 అసంయుత హస్తములను చెప్పినది. అందు మొదటిది పతాకము: వ్రేళ్ళు చేర్చి చాచి, బొటనవ్రేలిని వంచిన అరచేయి. నిషేధమునకును అదియే, ఆశీర్వాదమునకును అదియే. అనగా అర్థము కేవలము వ్రేళ్ళయందు లేదు. చేయి నెత్తినవాని భావమునందును, సందర్భమునందును కలదు.

తిరుమల శ్రీనివాసుడు కుడిచేతితో తన పాదములను చూపుచున్నాడు, ఎడమచేతిని కటియందుంచినాడు. ఆ పాదములే శరణ్యములనియు, ఆశ్రయించినవారికి సంసారసాగరము మొలలోతేయనియు పెద్దల వ్యాఖ్యానము. మాట పలుకకయే స్వామి శరణాగతిని బోధించుచున్నాడు.

ఆ బోధకు జీవుని ప్రత్యుత్తరము అంజలి. ఎవరైనను, ఎప్పుడైనను, ఎట్లైనను, ఒక్కమారు చేసినను అంజలి అశుభములను తొలగించునని యామునాచార్యులు స్తోత్రరత్నమున చెప్పిరి. ఆ శ్లోకభావమును విస్తరించుటకే వేదాంతదేశికులు అంజలివైభవమును రచించిరి.

ఇచట నొక సందేహము కలుగును. ఎట్లు చేసిన అంజలినైనను భగవంతుడు స్వీకరించునప్పుడు, తోటివారియెడ చేయి ఎట్లు కదిపిన నేమి?

సమాధానమిది. స్వామి హృదయము నెరిగినవాడు. మన లోపమును తన కృపతో పూరించుకొనును. తోటిమనుష్యునకు మన హృదయము కానరాదు, చేయి మాత్రమే కనబడును. మన్సూరాబాదు వీథిలో కూరలమ్ము వృద్ధురాలిని చూపుడువ్రేలు విదిలించి పిలిచినవాడు "నా మనస్సున తిరస్కారము లేదు" అని చెప్పుకొనవచ్చును. ఆమెకు చేరినది ఆ వ్రేలు మాత్రమే. చిల్లరను చేతి కందీయక గంపలో విసరినను అంతియే. ఆ గృహస్థుడే పిదప కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి సన్నిధికేగి చేతులు జోడించును.

సమస్త ప్రాణులును భగవంతుని శరీరమని రామానుజ సిద్ధాంతము. వృద్ధురాలియందున్న అంతర్యామియు, సన్నిధిలోని స్వామియు వేరు కారు. తనయెడ లోపమును క్షమించు ప్రభువు తనవారియెడ అపచారమును సహింపడని ఆచార్యుల హెచ్చరిక.

కావున పిలుచునప్పుడు వ్రేలు చూపక అరచేయి చాపవలెను. ఇచ్చునప్పుడు విసరక అందీయవలెను. పెద్దలు ఎదురైనప్పుడు చేతులు జోడింపవలెను. వీనికి ధనవ్యయము లేదు, పాండిత్యము అక్కరలేదు. వీథిలో వినయము నేర్చిన చేతులు సన్నిధిలో చేయు అంజలి సత్యమైన అంజలి యగును.