దివాన్‌గిరి వీడిన పిదప

రైలు కూతలతో మేల్కొను మా మెట్టుగూడలో, ఉద్యోగము పోయినవాని యింట, ఏండ్ల తరబడి కూడబెట్టిన నాణెములును తపాలాబిళ్లలును అటకమీద కానవచ్చినపుడు, "ఇవి కూడు పెట్టునా?" యని యింటివారడుగుట సహజము.

ఆ ప్రశ్న విన్నపుడెల్ల నాకు మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ స్ఫురించును. 1912లో, నిండు యౌవనముననే నిజాముకు ప్రధానియై, 1914లో ఆ పదవిని వీడిన పిమ్మట, తన కాలమును, జాగీరుల రాబడిలో పెద్దభాగమును గ్రంథ చిత్ర శిల్ప సేకరణకే ధారవోసి, వర్తకులు తన నివాసమైన దివాన్ దేవిడీకి తెచ్చిన వస్తువులను పరిశీలించి యెన్నుకొనుచు, 1949లో కన్నుమూయువరకు ఆ పనిని కొలువుకంటె శ్రద్ధగా సాగించెను. 1951లో ఆ దేవిడీయే ప్రదర్శనశాలయై ప్రజలకు ద్వారములు తెరచెను.

జాగీరు లేని మనకీ దృష్టాంతమేల యందురేమో! ఆయనకు ధనము తోడ్పడిన మాట నిజమే. కాని కంటికి నేర్పు నిచ్చునది ధనము కాదు. నాణెమే టంకసాలదో, ఏ యేటిదో, అసలో నకిలీయో గుర్తించు విద్యయే సేకర్తకు మూలధనము. దానిని వృత్తిగా గొనువాడు, నూరేండ్లు నిండిన నాణెముల, శిల్పముల వ్యాపారమునకు 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి అనుమతిపత్రము వలయునని ముందే యెరిగి, ప్రాణప్రదమైన వస్తువును సైతము అమ్ముటకు మనసును సిద్ధపరచుకొనవలెను. ఈ రెండవది కడు కష్టము. కావున అమ్మదగినవానిని, అమ్మరానివానిని నేడే వేరుపరచి, ఎవరియొద్ద, ఎన్నడు, ఎంతకు కొన్నదియు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు.