అవతలి కొసన ఉన్నవాడు

మన కొరాపుట్ ప్రాంతపు పెద్దలకి 1936 అంటే ఒకటే జ్ఞాపకం. ఆ ఏడు ఏప్రిల్ 1వ తేదీన విశాఖ జిల్లా ఏజెన్సీలో కొంత భాగం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి, కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. ఒక్క ఊరూ కదల్లేదు, ఒక్క ఇల్లూ కదల్లేదు. పటంలో గీత జరిగింది, మనం అల్పసంఖ్యాకులమయ్యేం. అదే వేసవిలో, అంతవరకూ మనది కూడా అయిన ఆ జిల్లా నుంచి ఒక రాజకుమారుడు భారత క్రికెట్ జట్టుకి నాయకుడై ఇంగ్లండు వెళ్ళేడు. ఆయనే విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. రాయగడలో రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి దాటితే ఆయన ఊరే కాబట్టి మనవాళ్ళు ఇప్పటికీ 'మన విజ్జీ' అంటారు. అనుకోవచ్చు, తప్పులేదు. క్రికెట్ మీద ఆయన ప్రేమ అబద్ధం కాదు. హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి ఇంగ్లీషు ఆటగాళ్ళని 1930లో రప్పించి తన జట్టులో ఆడించుకున్నాడు. కాని ప్రేమ ఉన్న ప్రతివాడికీ పెత్తనం తగదు. మూడు టెస్టుల్లో ఆయన కొట్టినవి మొత్తం 33 పరుగులు.

ఆ జట్టులో తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, ఇందూరు హోల్కరు కొలువులో పేరు తెచ్చుకున్న సి.కె. నాయుడు; ఆయన తమ్ముడు సి.ఎస్.; మద్రాసు బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడు కోటా రామస్వామి. ఈ రామస్వామి నలభయ్యో ఏట తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసేడు. ఇది ఎందుకోగాని మనవాళ్ళెవరికీ గుర్తుండదు.

భారతదేశం తొలి టెస్టు ఆడింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో. ఆ పర్యటనకి నాయకుడు పోరుబందరు మహారాజా. ఆయనకి ఆట అంతంతమాత్రం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. టెస్టు నాడు తాను తప్పుకుని సి.కె.కి జట్టు అప్పగించేడు. నాలుగేళ్ళ తరవాత విజ్జీ తప్పుకోలేదు. టెస్టులు మొదలవక ముందే లాలా అమర్‌నాథ్‌తో పేచీ వచ్చింది. లార్డ్స్‌లో ఒక మ్యాచ్‌లో అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, ఆయన్ని ఆపి వేరేవాళ్ళని బ్యాటింగుకి పంపుతూ వచ్చేరు. చివరికి ఆయన కోపం పట్టలేక తన భాషలో నాలుగు మాటలు అన్నాడు. క్షమాపణలు, తోటివాళ్ళ వేడికోళ్ళు ఏవీ పనిచెయ్యలేదు. మనిషిని ఓడెక్కించి ఇంటికి పంపించేరు. తరవాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ అధ్యక్షతన వేసిన సంఘం 1937 జనవరిలో అమర్‌నాథ్ మీద మచ్చ తుడిచి, నాయకత్వాన్నే తప్పుపట్టింది. అప్పటికి పుణ్యకాలం గడిచిపోయింది.

నేను ఆగదలచుకున్నది అక్కడ కాదు, మాంచెస్టరులో. జూలైలో అక్కడ రెండో టెస్టు. ఇంగ్లండు 571 పరుగులు కొట్టి ఆట ముగించినట్టు ప్రకటించింది. మన రెండో ఇన్నింగ్సు మొదలుపెట్టింది విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ. మర్చంట్ అంటే నాయకుడికి గిట్టదు. మర్చంట్‌ని రనౌట్ చెయ్యమని విజ్జీ ముస్తాక్‌కి చెప్పేడని, బంగారు గడియారం ఇస్తానన్నాడని ఆ పర్యటన గురించి రాసినవాళ్ళు చెప్తారు. ముస్తాక్ ఏం చేసేడు? మైదానంలోకి నడుస్తూ ఆ మాట మర్చంట్‌కే చెప్పేడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రానికి ఒక్క వికెట్టూ పోకుండా 190 పరుగులు. ఆ ఒక్కరోజున రెండు జట్లూ కలిసి కొట్టిన 588 పరుగులే నేటికీ టెస్టుల్లో రికార్డు. ముస్తాక్ 112, మర్చంట్ 114, మొదటి వికెట్టుకి 203. విదేశంలో భారతీయుడు చేసిన తొలి టెస్టు సెంచరీ ముస్తాక్‌దే.

అడిగినది రనౌటే ఎందుకు? ఆట తెలిసినవారికి వివరించనక్కర్లేదు, తెలియనివారికోసం చెప్తాను. పరుగు తియ్యాలంటే ఈ కొసనున్నవాడు పిలవాలి, ఆ కొసనున్నవాడు నమ్మి పరుగెత్తాలి. పిలిచినవాడు రెండడుగులు వేసి వెనక్కి తిరిగిపోతే చాలు, నమ్మినవాడు నడిదారిలో దొరికిపోతాడు. స్కోరు పుస్తకంలో 'రనౌట్' అని పడుతుంది, అంతే. ఎవరు పిలిచేరో, ఎవరు ఆగిపోయేరో అందులో ఉండదు. మా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే పనులున్నాయి. వోచరు సక్రమం, అంకెలు సక్రమం, సంతకాలు సక్రమం. నడిదారిలో దొరికిపోయినవాడు మాత్రం ఒకడుంటాడు.

మిత్రుల దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకరైనా అడుగుతారు: "నవ్వుకుని ఊరుకోవడమేమిటండీ? నిజాయితీపరుడైతే మేనేజరుకి చెప్పొద్దా, బోర్డుకి రాయొద్దా?" మంచి ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి అమెరికా దాకా పోవాలి. అక్కడివాళ్ళకి బేస్‌బాల్ అంటే మనకి క్రికెట్ లాంటిదే. ఈ ప్రశ్న మీద వాళ్ళు నూరేళ్ళకి పైగా తగువులాడుకుంటున్నారు.

1919లో వాళ్ళ ఆఖరి పోటీలు చికాగో వైట్ సాక్స్‌కి, సిన్సినాటి రెడ్స్‌కి జరిగేయి. తొమ్మిది ఆటల్లో అయిదు గెలిచినవాడు విజేత. చికాగో జట్టే గట్టిదని అందరి అంచనా. జూదగాళ్ళ డబ్బు తిని ఆ జట్టులో కొందరు ఓడిపోయేరు, 5-3 తేడాతో. జీతాలివ్వని పిసినారి యజమాని వల్ల పాపం అలా చేసేరని చాలాకాలం చెప్పుకున్నారు. తరవాత ఎవరో ఓపికగా జీతాల లెక్కలు తీసి చూస్తే, ఆ జట్టు అప్పటి జట్లలో పెద్ద జీతాలు తీసుకునేవాటిలో ఒకటని తేలింది. లెక్క తియ్యకుండా జాలిపడకూడదని మా వృత్తివాళ్ళం అందుకే అంటాం.

ఎనిమిది మంది మీద నేరం మోపేరు. 1921 ఆగస్టు 2న జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. మర్నాడే, బేస్‌బాల్‌కి కొత్తగా కమిషనరైన లాండిస్ అనే జడ్జి, ఎనిమిది మందినీ జన్మలో మళ్ళీ ఆడనివ్వనన్నాడు. ఆ ఎనిమిదిలో ఒకడు బక్ వీవర్. అతను డబ్బు తీసుకోలేదు. ఆ పోటీల్లో 11 హిట్లు కొట్టేడు, ఫీల్డింగులో ఒక్క పొరపాటూ చెయ్యలేదు. అయితే కుట్ర మాటలు నడిచినచోట తానూ కూర్చున్నాడు, విన్నాడు, వచ్చి ఎవరికీ చెప్పలేదు. లాండిస్ దృష్టిలో అది చాలు. మోసగాళ్ళ మంతనాలు విని వెంటనే క్లబ్బుకి చెప్పనివాడికి వృత్తి బేస్‌బాల్‌లో చోటు లేదన్నాడు. వీవర్‌కి అప్పటికి ముప్పయ్యేళ్ళు.

లాండిస్ లెక్కన ముస్తాక్ అలీ కూడా తప్పించుకోలేడు. విన్నాడు, పైవాళ్ళకి చెప్పలేదు. కాని ఆ రోజుల్లో ముస్తాక్‌కి 'పైవాడు' ఎవడు? ఆ మాట అన్నవాడే పైవాడు. నెల్నాళ్ళ క్రితమే అమర్‌నాథ్‌కి ఏమైందో కళ్ళారా చూసేడు. పైగా ఇందూరు కుర్రవాడైన తనని చిన్నప్పుడే చేరదీసి ఆట నేర్పిన సి.కె. అదే జట్టులో అవమానాలు పడుతున్నాడు. సి.కె.ని ఫలహారం దగ్గర అందరి ముందూ తిట్టినందుకే బకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దొరికిందన్నది ఆ పర్యటన కథల్లో ఇంకొకటి. ఆ ఓవల్‌లోనే సి.కె. తన ఆఖరి టెస్టు ఇన్నింగ్సులో, ఆలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా క్రీజు వదలకుండా 81 కొట్టేడు. అటువంటి జట్టులో ఫిర్యాదు అనే కాగితం ఎవరి బల్ల మీద పడుతుంది?

ఈ మాట నాకు అంత తేలిగ్గా ఎందుకు అర్థమైందో చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం, నేను పనిచెయ్యని ఒక శాఖలో జరిగిన వ్యవహారానికి నన్ను ఎంక్వయిరీ ఆఫీసరుగా వేసేరు. అక్కడి మేనేజరు ఒక దళారీని పెట్టుకుని, కొండమీద ఊళ్ళ రైతుల పేర ఎద్దుల కోసమని అప్పులు రాసుకున్నాడు. వేలిముద్రలు నిజమైనవే. సబ్సిడీ వస్తుందని చెప్పి వేయించుకున్నారు. ఆ మేనేజరు సంగతి వేరే విచారణలో తేలిపోయింది. నా ముందుకి వచ్చినవాడు రెండో ఆఫీసరు, డిపాజిట్ల పని చూసేవాడు. ఒక్క కాగితం మీదా అతని సంతకం లేదు. ఒక్క రూపాయి ముట్టలేదు. కాని తెలుసు, తెలుసునని తనే ఒప్పుకున్నాడు.

"మేనేజరు మీద మేనేజరుకే చెప్పమంటారా సార్? పైకి రాస్తే ఆ ఉత్తరం తిరిగి ఎవరి చేతికి వస్తుందో నాకు తెలీదా?" అన్నాడు.

అతను అబద్ధమాడలేదు. ఉద్యోగంలో ముప్పయ్యేళ్ళు గడిపినవాణ్ణి, నాకు తెలుసు. ఉద్యోగి ప్రతివాడూ బ్యాంకు ప్రయోజనం కాపాడటానికి సాధ్యమైన చర్యలన్నీ తీసుకోవాలని మా నిబంధన. 'సాధ్యమైన' అన్నమాట దగ్గర అతను నిలబడ్డాడు. నాకూ అక్కడ కొంతసేపు నోరు పెగల్లేదు. అప్పుడు ఫైలులో ఒక రైతు వాఙ్మూలం కనిపించింది. రికవరీ నోటీసు వస్తే, అదేమిటో చదివిపెట్టమని సంతలో నలుగురినీ అడుగుతూ తిరిగేడట. అతనికి అదే శాఖలో పింఛను ఖాతా ఉంది. నెలనెలా వచ్చేవాడు, ఈ ఆఫీసరు కౌంటరు దగ్గరకే. ఈ ఆఫీసరుకి కువి భాష బాగానే వచ్చు, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు.

"ఆయన మీ దగ్గరకి వచ్చినప్పుడు, నీ పేర అప్పు రాస్తున్నారు, వేలిముద్ర వెయ్యొద్దు అని ఒక్క మాట చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?" అని అడిగేను.

జవాబు రాలేదు. విచారణ నడిచిన తీరులో జవాబు లేకపోయినా ఏదో ఒకటి రాయాలి కాబట్టి 'మౌనం' అని రాయించేను.

నాకు తోచిన తేడా అక్కడుంది. తెలిసినవాడు ఎవరికి బాకీ పడతాడు? లాండిస్ క్లబ్బుకి అన్నాడు, మా నిబంధన బ్యాంకుకి అంటుంది. రెండూ పైకి చూపిస్తాయి. ముస్తాక్ పక్కకి చూసేడు. నడిదారిలో పడిపోబోయేవాడు ఎవడో వాడి చెవిన వేసేడు. దానికి ధైర్యం కూడా పెద్దగా అక్కర్లేదు, పెవిలియన్ మెట్లు దిగి వికెట్ల దాకా నడిచే పాటి సమయం చాలు. పైకి చెప్పడానికి దారి మూసుకుపోవచ్చు, పైవాడే దొంగ కావచ్చు. పక్కవాడికి చెప్పే దారి మాత్రం ఎప్పుడోగాని మూసుకోదు. అందుకే అక్కడ మౌనంగా ఉన్నవాడు 'సాధ్యం కాలేదు' అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ లెక్కన చూస్తే వీవర్ కూడా నిలవడు. అతని జట్టులో డికీ కెర్ అని పొట్టి ఎడమచేతి బౌలరు ఉండేవాడు, ఆ ఏడే కొత్తగా వచ్చినవాడు. కుట్ర సంగతి తెలియక, వెనకాల కొందరు ఓడిపోవడానికి ఆడుతుంటే, రెండు ఆటలు గెలిపించేడు. వీవర్ అతని పక్కనే మూడో బేస్ దగ్గర నిలబడి ఉన్నాడు. తాను బాగా ఆడేనన్నది వీవర్ వాదం. నిజమే, ఆడేడు. మా ఆఫీసరు కూడా తన డిపాజిట్ల పద్దులు తప్పులేకుండా రాసేడు.

లాండిస్‌కి ఒక న్యాయం మాత్రం చెయ్యాలి. మైదానంలో ఉన్న పక్కవాడొక్కడే పక్కవాడు కాడు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్న వేలమంది ఉన్నారు. వాళ్ళందరి చెవిలో విడివిడిగా చెప్పలేం. వాళ్ళ తరఫున ఒక సంస్థ ఉండాలి, దానికి చెప్పాలి. కాబట్టి పైకి చెప్పనక్కర్లేదని నేననను. ముస్తాక్ మర్చంట్‌కి చెప్పడంతో మర్చంట్ బయటపడ్డాడు, జట్టు బయటపడలేదు. తరవాతి టెస్టూ ఓడింది. ఈ చిక్కు నాకు పూర్తిగా విడలేదు.

విడనిది మరొకటి, కొలత. తిన్నవాడికీ, చూసినవాడికీ ఒకే శిక్ష వేస్తే, ఇకమీద చూసినవాడు ఎందుకు తినకూడదు? ఎంక్వయిరీ ఆఫీసరుకి శిక్ష సూచించే అధికారం లేదు. అభియోగం రుజువైందో లేదో మాత్రమే చెప్పాలి. 'రుజువైంది' అని రాసేను. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాయాలనిపించింది. ఆ రిపోర్టులో వాటికి చోటు లేదు.

వీవర్ విచారణ నాడే తన కేసు వేరు చెయ్యమని అడిగేడు. తరవాత కూడా ఎన్నోసార్లు అర్జీలు పెట్టుకున్నాడు. అన్నిసార్లూ కాదన్నారు. 1956 జనవరి 31న చికాగోలో చనిపోయేడు. 2025 మే 13న అమెరికా బేస్‌బాల్ కమిషనరు, జీవితకాలపు బహిష్కారం ప్రాణంతోనే ముగుస్తుందని నిర్ణయించి, చనిపోయిన పదిహేడు మంది పేర్లు ఆ జాబితా నుంచి ఒకేసారి తీసేసేడు. డబ్బు తిన్న ఏడుగురివీ, వీవర్‌దీ అందులోనే ఉన్నాయి.