మేక వెనుక చోటు



మన పల్లెలలో పులి-మేక ఆట ఎరుగనివారు అరుదు. దీనినే కొందరు పులిజూదమందురు. రచ్చబండమీద బొగ్గుతో గీసిన గీతలను, పాత మండపముల రాతినేలలో చెక్కిన గీతలను మీరు చూచియే యుందురు. ఒక కొననుండి నాలుగు గీతలు క్రిందికి దిగును. అడ్డగీతలు వాటిని ఖండించును. గీతలు కలిసిన చోట్లు మొత్తము 23. ఒకరికి 3 పులులు, మరియొకరికి 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలును. బీదవానికిని అందుబాటులోనున్న ఆట ఇది.

"జూదమను పేరుగల ఆట విశ్వాసికి తగునా?" అని పెద్దలలో కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పందెము కాసి ఆడినయెడల ఏ ఆటయైనను జూదమే. పొరుగువాని కూలిడబ్బు లాగుకొనుట ప్రేమ కాదు. కాని ఈ ఆటలో పాచికలు లేవు, గవ్వలు లేవు. ప్రతి ఎత్తును ఆడువాని బుద్ధినుండియే వచ్చును. ఓడినవాడు అదృష్టమును నిందింపలేడు. పందెము విడిచి, పనివేళ పాడుచేయక ఆడినచో ఇందులో దోషము కనుపడదు. అయితే ఈ ఆట చెప్పు పాఠమంతయు మనము అంగీకరింపవచ్చునా అనునది వేరొక ప్రశ్న. దానినే నేడు ఆలోచింతము.

మొదట నేర్చుకొనువానిని గమనించుడి. వానికి పులి పక్షమే ముద్దు. పులి దుముకును, చంపును. మేకకు ఆ రెండును లేవు. పైగా మేకలను ఒక్కొక్కటిగా పెట్టవలెను. 15 మేకలును పెట్టువరకు పెట్టినదానిని కదలింపరాదు. అంతలో పులులు తిరుగుచునే యుండును. క్రొత్తవాడు భయపడి మేకలను ఇక్కడొకటి అక్కడొకటి పెట్టును. పులి వచ్చి ఒక్కొక్కదానినే ఎత్తుకొనిపోవును. "మేకలతో గెలుచుట నావల్ల కాదు" అని వాడు విసుగుకొనును.

అప్పుడు ఆట తెలిసినవాడు వానికొక మాట నేర్పును. పులి మేకను పట్టవలెనన్న దానిమీదుగా తిన్నగా దూకి ఆవలి చోట దిగవలెను. ఆ చోటు ఖాళీగానున్ననే దూకగలదు. అక్కడ మరియొక మేక నిలిచియున్నచో, ముందటి మేక పులి ముఖమునకు ఎదురుగానున్నను పులి దానిని ముట్టలేదు. ముందటి మేకకు బలము పెరిగినదా? లేదు. దాని వెనుక చోటు నిండినది, అంతే. ఇట్లు ఒక్క మేకనైనను పోగొట్టుకొనక 15ను పెట్టగలిగినచో, 23 చోట్లలో 18 నిండి 5 చోట్లే ఖాళీగా మిగులును. తరువాత మేకలు మెల్లమెల్లగా జరిగి పులులను కదలనీయక కట్టివేయును. మేకలు పులిని చంపవు; చంపనక్కరలేదు.

నేపాలు దేశమున ఇట్టి ఆటయే బాఘ్‌చాల్ అను పేరుతో ఆడుదురు. అందులో 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. ఇరుపక్షములును తప్పు లేక ఆడినచో ఆ ఆటలో ఎవరును ఓడరని కంప్యూటరు సాయముతో లెక్కించి, లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్గెల్ట్ అను పండితులు 2009లో వెలువడిన వ్యాసములో చూపిరి. బలహీనుల పక్షము ఓటమికే పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది గదా.

అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయములో మన విరోధిని సింహముతో పోల్చెను. ఆ విరోధి ఎవరిమీద దుముకును? వెనుక ఎవరును లేనివారిమీదనే. భర్త పోయిన స్త్రీ, పంట పోయి అప్పులపాలైన రైతు, పట్టణమునకు కూలికి వెళ్లిన పడుచువాడు, నిన్ననే త్రాగుడు మానిన తండ్రి. వీరిలో ఒకరు పడిపోగా, "విశ్వాసము చాలలేదు" అని మనము సులువుగా చెప్పుదుము. విశ్వాసము చాలలేదా, లేక వారి వెనుక చోటు ఖాళీగానుండెనా? ఆ చోట నిలువవలసినవారు ఎవరు?

ఇంతవరకు ఆట మనకు మంచి ఉపాధ్యాయుడే. కాని ఆరితేరినవాడు మరియొక పాఠమును నేర్పును. "ఒక్కొక్కప్పుడు ఒక మేకను కావలెననియే పులికి విడువుము, ఆశపడి అది మూలకు వచ్చును, అప్పుడు మిగిలినవాటితో దానిని బంధింపుము" అనును. చింతగింజకు నొప్పి లేదు గనుక ఆటలో ఇది వివేకమే. సంఘములోనో? యోహాను సువార్త 11వ అధ్యాయములో కయప చెప్పిన యుక్తి ఇదియే: జనులందరి క్షేమమునకై ఒకనిని పోనిచ్చుట మేలని అతని లెక్క. సంఘము పేరు చెడకూడదని తప్పిపోయిన పిల్లను గడప వెలుపల నుంచుట, పెద్దల తగవు తీరుటకు బీదవానిమీద నింద మోపుట, ఇవన్నియు ఆ లెక్కలే.

ప్రభువు లెక్క వేరు. లూకా సువార్త 15వ అధ్యాయములోని కాపరి నూరింటిలో తప్పిపోయిన ఒక్కదానికొరకు బయలుదేరెను. ఆటగాని కన్నులకు అది చెడ్డ ఎత్తు. "క్రీస్తును అందరికొరకు ఒక్కడుగా చనిపోయెను గదా?" అని మీరడుగవచ్చును. అవును; అయితే ఆయన మరియొకనిని ముందుకు త్రోయలేదు, తానే వెళ్లెను. కయప ఇతరుని ఇచ్చెను. క్రీస్తు తన్ను తాను ఇచ్చెను. ఒకనిని బలిపెట్టుటకును తానే త్యాగము చేయుటకును గల భేదమిదియే. మీ త్యాగమును మీరు చేయవచ్చును. పొరుగువాని త్యాగమును మీరు చేయరాదు.

కాబట్టి ఆటనుండి మొదటి పాఠమును ఇంటికి తెచ్చుకొనుడి. రెండవదానిని ఆ గీతలమీదనే విడిచిపెట్టుడి. వచ్చు ఆదివారమున ఆరాధన ముగియగానే త్వరపడి పోకుడి. ఎవరి వెనుక చోటు ఖాళీగానున్నదో చూడుడి. వారి అరుగుమీద కొంతసేపు కూర్చుండుట, నాట్లవేళ ఒక పూట చేయి సాయము, వారి పేరు పలికి చేయు ఒక ప్రార్థన, ఇవి చాలును. పులితో పోరాడు బలము మీకు లేకపోవచ్చును. నిలుచుటకు చోటున్నది. మందను ఎరిగిన మన కాపరి అక్కడ నిలుచు కృపను మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.