ఒక్క దినపు అతిథి

వేసవి వచ్చినదనగానే పిల్లలు సముద్రము చూపుమని అడుగుదురు. మా ఇబ్రహీంపట్నము సముద్రమునకు మిక్కిలి దూరమైన మెట్ట ప్రదేశము. మేమెరిగిన పెద్ద నీరు కుతుబ్ షాహీల కాలమునాటి చెరువొక్కటే. కాబట్టి గడచిన మే నెలలో సంఘపు యౌవనస్థులు కొందరు కోరగా, వారితోకూడ భీమునిపట్టణమునకు పోయితిని. సికింద్రాబాదులో సాయంకాలము రైలెక్కి, తెల్లవారి విశాఖపట్టణమున దిగి, సముద్రపుటొడ్డు వెంబడి పోవు బస్సెక్కితిమి. బస్సులో ఒక చిన్నవాడు, "అయ్యగారూ, పొద్దున పోతున్నం, సాయంత్రం వస్తం. ఆ ఊరితోని మనకేం పని? చూసుడు, తినుడు, వచ్చుడు, అంతేగద?" అనెను.

వాడు నవ్వుచు అన్నమాటే గాని అది చిన్న మాట కాదు. ఇంటివాడు తన యింటికిని, పొరుగువాడు తన పొరుగువానికిని ఋణపడియుండుట మనమందరము ఒప్పుకొందుము. ఒక పగలు నిలిచి, మరల ఎన్నడును రానివాడు ఆ చోటునకు ఏమైన ఋణపడునా? డబ్బిచ్చి తిన్నాడు, టికెట్టు కొని వచ్చినాడు. లెక్క తీరిపోయినట్లే గదా యని అనేకుల తలంపు. నాకట్లు తోచుట లేదు.

భీమునిపట్టణమున గోస్తనీ నది సముద్రములో కలియుచోటికి సమీపముగా పడవలు ఇసుకమీదికి లాగియుంచబడి యుండెను. ఎరుపు, నీలి, పసుపు రంగుల వరుస. మా పిల్లలు ముచ్చటపడి వాటి ప్రక్కను నిలువబడి ఫోటోలు తీసికొనిరి. ఒకడు పడవలోనికెక్కి వలమీదనే కూర్చుండెను. కొంచెము దూరమున నీడపట్టున ఒక ముసలమ్మ ఎండుచేపల గంప ముందుంచుకొని ఇదంతయు చూచుచుండెను. "ఈ పడవలు పోలేదేమమ్మా?" అని అడిగితిని. "యేట నేదు బాబూ. రెండు నెల్లూ ఇంతే" అనెను.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమంతట యంత్రపు పడవలతో వేట నిషేధము. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. అప్పుడు వాటిని పట్టివేసినయెడల ముందు సంవత్సరములకు సముద్రమున మిగులునది కొంచెమే. ప్రభుత్వము ఆ కాలమునకు భృతి యిచ్చుచున్నది. అయినను భృతి వేరు, చేతి నిండ పని వేరు. మన బడుల వేసవి సెలవులన్నియు ఆ 61 దినములలోనే పడుచున్నవి. అనగా మనము మిక్కిలి తీరికగా, సంతోషముగా పోవు దినములే ఆ యిండ్లవారికి పని లేని దినములు. మన కంటికి సుందరమైన ఆ పడవల వరుస వారి కంటికి ఆగిపోయిన జీవనము. ఈ సంగతి తెలిసికొనుటకు నాకు పట్టినది ఒక ప్రశ్న, ఒక నిమిషము. అతిథి చెల్లింపవలసిన ఋణములో మొదటి భాగము ఇదేనని తలంచుచున్నాను: తాను చూచుచున్నదేమో అడిగి తెలిసికొనుట.

మావారిలో ఒకడు ఆమె చెప్పిన వెలలో సగమునకు అడిగెను. బేరమాడుట పాపమని నేను చెప్పబోను. మా సంతలో నేనును ఆడుదును. గాని సంతలో అమ్మువాడు నన్నెరుగును, వచ్చే వారము మరల నా ముఖము చూచును. నేను మితిమీరినయెడల వాడే నన్ను గద్దించును. మరల కనబడబోమను ధైర్యముతో బిగించు బేరములో ఆ పగ్గము లేదు. మనలను ఎరిగినవారెవరును లేనిచోట మనమెట్లుందుమో అదే మన నిజమైన కొలత.

ఊరు చేరకముందే త్రోవలో ఎర్రమట్టి దిబ్బలున్నవి. వేలకొలది సంవత్సరముల క్రిందట సముద్రము వెనుకకు తగ్గియున్న కాలమున గాలి తెచ్చి పోసిన ఇసుక ఎర్రబారి కుదురుకొనగా, వాననీరు దానిని కోసి లోయలు చేసెను. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖవారు దానిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఆ మట్టి చూపునకు బండవలె నుండును గాని మడమ తగిలిన రాలిపోవును. "నేనొక్కడినేగదా" యని ఒకడు అంచుమీదికి ఎక్కును. నిజమే, ఒక్కడే. నిన్న వచ్చినవాడును ఒక్కడే, రేపు రాబోవువాడును ఒక్కడే. మనకు అది ఒక్క దినము. ఆ చోటునకు అది ప్రతి దినము.

ఇది మా ఊరివారికి తెలియని సంగతి కాదు. 2022లో మంచి వానలకు మా చెరువు ఎన్నో యేండ్లకు నిండి అలుగు పారగా, చూచుటకు నగరమునుండి జనము వచ్చిరి. రావలసినదే, నిండిన చెరువును చూచి సంతోషింపనివాడెవడు? కాని వారు పోయిన పిమ్మట కట్టమీద మిగిలిన సీసాలను, ప్లాస్టిక్ సంచులను ఏరినది మావారే. ఆ ఏరినవారిలో ఇద్దరు భీమునిపట్టణమునకు నాతోకూడ వచ్చిరి. ఇసుకమీద ఎవరో పారవేసిన సీసాలను చెప్పకుండనే తీసి సంచిలో వేసినవారు వారే.

ఎక్కువకాలము నిలిచినవానికే బాధ్యతయనుట కూడ సరికాదు. డచ్చివారు 17వ శతాబ్దిలో భీమునిపట్టణమునకు వచ్చి, బట్టల వర్తకము కొరకు నూరేండ్లకు పైగా నిలిచిరి. 1824 నాటి ఒడంబడికచేత ఆ స్థలము 1825లో ఆంగ్లేయుల వశమాయెను. నేడు డచ్చివారి గురుతుగా సముద్రమునకు చేరువ సమాధులున్నవి, వాటిపైని రాళ్లున్నవి. ఆ రాళ్లయొద్ద నిలిచి నేను ఆలోచించితిని: వచ్చినవారిలో ఎందరు ఆ ఊరిని బట్టల మూటగాక ఊరుగా చూచిరో! నూరేండ్లు నిలిచియు ఒక చోటును వాడుకొనుటకే చూడవచ్చును. ఒక్క పగలు నిలిచియు దానిని మనుష్యులుండు చోటుగా చూడవచ్చును.

"ఇంత లెక్క చూచుకొని పోవలెననిన ఇక విశ్రాంతి యెక్కడ?" అని ఎవరైన అడుగవచ్చును. విశ్రాంతి అవసరమే. మా పిల్లలు మోకాలి లోతు నీటిలో అలలకెదురు నిలిచి కేకలు వేయుచుండగా నేను వారిని వారింపలేదు. నేనును పంచె పైకి కట్టి దిగితిని. అలసిన శిష్యులను ప్రభువు ఏకాంతమునకు పిలిచినప్పుడు అచ్చటికి జనులు ముందుగానే వచ్చియుండిరని మార్కు వ్రాసెను. ఆయన వారిని తన విశ్రాంతికి అడ్డుగా చూడక కనికరముతో చూచెను. విశ్రాంతియు, ఎదుటి మనుష్యునిమీద చూపును ఒకే దినమున ఇముడునని నాకు ఆ చోటనుండియే ధైర్యము.

సాయంకాలము బస్సుకు పోవుచు, వలమీద కూర్చున్న ఆ చిన్నవాడు ముసలమ్మయొద్ద ఆగి, ఆమె చెప్పిన వెలకే చేపలు కొని, "ఏట మళ్లెప్పుడవ్వా?" అని అడిగెను. జూన్ 15న అని ఆమె చెప్పెను. ఆ తెల్లవారుజామున పడవలు మరల నీటిలోనికి దిగును. అది చూచుటకు మావంటివారు అచ్చట చాల తక్కువగా నుందురు. అప్పటికి మా బడులు తెరచి యుందురు.