పద్యానికి ఆధారం

పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకం వేయాలంటే ముందుగా కుదుర్చుకోవలసింది హార్మోనిస్టును. ఊరికి ఆయన హార్మోనియం మాస్టరు. ‘కురుక్షేత్రం’ అయినా ‘సత్యహరిశ్చంద్ర’ అయినా, పొలం పనులు ముగిశాక రాత్రిపూట గుడి దగ్గర సేద్యగాళ్లను కూర్చోబెట్టి పద్యం చెప్పేది ఆయనే. చదువు రానివాళ్లు చెవితోనే పద్యం పట్టుకుంటారు. ఎవరి గొంతు ఏ శ్రుతిలో నిలుస్తుందో, రాయబారంలో కృష్ణుణ్ణి ఎవరు మోయగలరో కొన్నాళ్లకే మాస్టరుకు తెలిసిపోతుంది. వాయించడం కంటే వినడమే ఆయన వృత్తిలో పెద్ద భాగం.

ఈ పెట్టె యూరప్ నుంచి వచ్చింది. పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ 1840ల మొదట్లో కాలితో తొక్కే హార్మోనియం తయారుచేశాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని చేతితిత్తి పెట్టెగా మార్చాడు. ఆ తరువాతి దశాబ్దంలోనే ధార్వాడ నాటక సమాజాలు తెలుగు ఊళ్లలో ఆడాయి. వాటి ప్రభావంతో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలోకి పాట తెచ్చారు. కడప సీమలో 1885లో సురభి నాటక సమాజం పుట్టింది. చిత్తూరులో రామవిలాస సభ నాగయ్యను నటుడిగా నిలబెట్టి, ఆయన పేరు ముందు ఊరి పేరునూ నిలిపింది. నాటకంలో పాట, పద్యం పెరిగేకొద్దీ హార్మోనిస్టు అవసరమూ పెరిగింది.

రంగం మీద ఆయన పని ఎలాంటిదో ఒక్క పద్యంలో చూడవచ్చు. నటుడు వచనం చెబుతున్నంతసేపూ చేతులు ఊరుకుంటాయి. పద్యం ఎత్తుకునే క్షణానికి షడ్జం సిద్ధంగా ఉండాలి. చివరి పాదం అయ్యాక నటుడు రాగం తీస్తే, అర ఊపిరి వెనకగా వేళ్లు నడవాలి. ముందుకు పోతే గొంతును తోసినట్టు, మరీ వెనకబడితే వదిలేసినట్టు. నాలుగున్నర శ్రుతిలో మొదలుపెట్టిన కర్ణుడు తెల్లవారుజాముకు అలసి నాలుగుకు దిగాడనుకుందాం. నల్లమెట్టు మీది షడ్జం తెల్లమెట్టు మీదికి వస్తుంది. రాగం అదే, వేళ్ల దారి మొత్తం మారిపోతుంది. జనానికి తెలియకుండా ఆ మార్పు చేయగలగడమే పనితనం. ‘వన్స్ మోర్’ కేకలు మాత్రం కర్ణుడికే పడతాయి.

హార్మోనియం మీద పాత నింద ఒకటి ఉంది. దాని స్వరాలు బిగించినవి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారలేవు, గమకం పలకదు. ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుంచి దాన్ని బయట పెట్టింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. కచేరీ విషయంలో ఆ నిందలో నిజముంది. నాటకంలో మాత్రం ఆ లోపమే హార్మోనిస్టుకు మర్యాద నేర్పింది. తన రీడ్లకు చేతకాని గమకాన్ని ఆయన నటుడికి వదిలేసి, ఆధార స్వరం పట్టుకుని ఆగుతాడు. ఆ నిలకడ ఉంటేనే గొంతు ధైర్యంగా ఊగి, తిరిగి చోటికి చేరగలదు. అన్నీ పలికే వాయిద్యమైతే నటుడితో పోటీ పడాలన్న ఆశ వాయించేవాడిలో పుట్టి ఉండేదేమో.

సినిమాకు మాట రావడం వాయించేవాళ్ల బతుకునూ మార్చింది. అమెరికాలో మూకీ సినిమాలకు ఆర్గన్ వాయించిన కళాకారుల్లో చాలామందికి టాకీ రాగానే పని పోయింది. తెలుగునాట జరిగింది వేరు. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చాక పాట తెలిసిన నాటకాలవాళ్లకు సినిమా దారి తెరిచింది. నాటకాల్లో హార్మోనియం వాయించిన పెండ్యాల నాగేశ్వరరావు ‘జయభేరి’, ‘జగదేకవీరుని కథ’లకు సంగీతం కూర్చే స్థాయికి ఎదిగారు. అయితే అలా వెళ్లగలిగినవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లను జాతరలూ భారతాలూ పోషించాయి. చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడుల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజూ, దుర్యోధన వధ రోజూ జనం విరగబడతారు. పద్దెనిమిది రోజుల భారతమంటే హార్మోనిస్టుకు వరసగా రాత్రి జాగరణలే. తిత్తి కొట్టే చేతికీ, పూట పూటకూ శ్రుతి వెతికే చెవికీ విశ్రాంతి ఉండదు.

ఇప్పుడు చాలా వేదికల మీద ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంటోంది. శ్రుతి మార్చడానికి ఒక మీట చాలు, వేళ్ల దారి మారదు. కర్ణుడి గొంతు ఎప్పుడు దిగిందో పసిగట్టే పని మాత్రం ఇంకా మాస్టరుదే.